సంత గొర్రెలు, పారుడు రోగం, మా మంద: నా అనుభవం

ఆ పన్నెండు గొర్రెలను సంతలో కొన్నది నేనే. నాయిన వద్దనలేదు, తొందరేముందని మాత్రం అన్నాడు. మాది ఉమ్మడి పాలమూరు జిల్లా. తరతరాలుగా గొర్రెల మీద బతికే ఇల్లు. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఐదేళ్లు ఒక షోరూంలో పనిచేసి, తిరిగి వచ్చి మంద పట్టుకున్నాను. అప్పటికి మా దగ్గర 78 గొర్రెలు, అమ్మ ఇంటి దగ్గర పెంచుకునే 6 మేకలు ఉండేవి. మందను వందకు చేర్చాలని నాకు ఒకటే ఆత్రం. మూడేళ్ల క్రితం డిసెంబరులో ఒక శనివారం తెల్లవారుజామున సంతకు పోయాను.

చలికి జీవాలన్నీ ఒకదానికొకటి ఒత్తుకుని నిలబడ్డాయి. బేరగాడు ఒక్కో గొర్రె నోరు తెరిచి పళ్లు చూపించాడు. అన్నీ రెండు పళ్లవి, నాలుగు పళ్లవి. అందులో నాలుగు చూడివని చెప్పాడు. ఒక్కోటి 8 వేల చొప్పున 96 వేలకు బేరం తెగింది. పళ్లు చూశాను, పొదుగులు చూశాను, గిట్టలు చూశాను. ముక్కులు చూడలేదు. ఎక్కడి నుంచి తోలుకొచ్చారో, టీకాలు పడ్డాయో లేదో అడగలేదు. ఇప్పుడు ఎవరైనా గొర్రెలు కొనబోతున్నామంటే నేను మొదట అడగమనేది ఈ రెండు సంగతులే.

ఇంటికి తెచ్చేసరికి చీకటి పడింది. పెద్ద మందలో వదిలితే పొడుచుకుంటాయని, గొర్రె పిల్లల దడి పక్కన ఖాళీ ఉంటే అక్కడికి తోలాం. మధ్యలో తుమ్మకంప ఒక్కటే అడ్డం. మా తాత ఉన్నప్పుడు కొత్తగా కొన్న జీవాన్ని చేను గట్టున నెల రోజులు వేరేగా ఉంచేవాడట. ఎందుకని అడిగితే "కొత్తది, దాని గుణం తెలియాలి గదా" అనేవాడని నాయిన చెప్తాడు. తర్వాత ఆ చేను అమ్మేశాం. చోటుతో పాటు ఆ అలవాటూ పోయింది.

మూడో రోజు కొత్తవాటిలో ఒకటి తల వంచుకుని ఒక మూల నిలబడింది. ముక్కు నుంచి నీరు. లారీలో వచ్చింది, చలి కొట్టిందనుకుని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి మింగించాను. ఐదో రోజుకి నాలుగు గొర్రెలు అలాగే అయ్యాయి. నీళ్లలా కారే చీమిడి చిక్కబడి ముక్కు రంధ్రాల చుట్టూ గట్టిపడింది. కళ్లు పుసులతో అతుక్కుపోయాయి. ఒకటి పారడం మొదలుపెట్టింది. అప్పటికీ ఇంకొక రోజు చూద్దామనుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున దడి తీస్తే మా సొంత గొర్రె పిల్లలు ఆరు లేవలేదు. ఎప్పుడూ దడి తీయగానే తల్లుల దగ్గరికి ఉరికేవి. ఆ రోజు చెవులు వేలాడేసుకుని అలాగే పడుకున్నాయి. నాయిన ఒకదాని నోరు తెరిచి వాసన చూసి, మాట్లాడకుండా బయటకొచ్చి రాతి మీద కూర్చున్నాడు.

పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి మండలంలోని పశువుల దవాఖాన నుంచి డాక్టరు గారు కూడా వచ్చారు. థర్మామీటరు పెడితే 105.6 డిగ్రీలు. గొర్రెకు 102, 103 మామూలు. చిగుళ్ల మీద, నాలుక కింద తవుడు అంటుకున్నట్టు తెల్లటి పుండ్లు చూపించారు. "పారుడు రోగంలా ఉంది. పీపీఆర్ అంటారు. శాంపిళ్లు హైదరాబాదు పంపుతాను గానీ, రిజల్టు వచ్చేదాకా ఆగొద్దు. ఇప్పటి నుంచే అదే అనుకుని పని చేయండి" అన్నారు. ముక్కులోంచి, కంట్లోంచి దూది పుల్లలతో తీసుకుని, రక్తం కూడా తీసి ఐస్ డబ్బాలో పెట్టారు.

నేను అడిగిన మొదటి మాట ఇంకా గుర్తుంది. "సార్, మా మందకు ఫిబ్రవరిలోనే టీకా వేశారు గదా, ఎట్లొచ్చింది?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "ఏ జీవానికి ఎప్పుడు వేశారో, అప్పుడు దాని వయసెంతో రాసి పెట్టు. జవాబు నీకే దొరుకుతుంది" అన్నారు. ఆ రాత్రి అమ్మ, నాయిన, నేను కూర్చుని ఒక నోటు పుస్తకంలో మంద మొత్తాన్ని రాశాం. నాయినకు ఒక్కో గొర్రె ముఖం గుర్తే. అది ఏ గొర్రె పిల్ల, ఏ నెలలో పుట్టింది, టీకా రోజు ఎక్కడుంది, అన్నీ చెప్పుకుంటూ పోయాడు. రోగం తగ్గేదాకా ఆ పుస్తకంలో రాస్తూనే ఉన్నాను. చివరికి తేలిన లెక్క ఇది.

టీకా వేసిన పెద్ద గొర్రెలు 46. వాటిలో మూడింటికి రెండు రోజులు ముక్కు కారింది, ఒక్కటీ చావలేదు. ఫిబ్రవరిలో నెలన్నర, రెండు నెలల వయసులో టీకా పడిన పిల్లలు 17. పదమూడు జబ్బు పడ్డాయి, ఆరు చనిపోయాయి. టీకా తర్వాత పుట్టినవి 15. పద్నాలుగు పడ్డాయి, ఎనిమిది పోయాయి. అమ్మ మేకలను ఇంటి దగ్గరివే కదా అని టీకాకు తోలుకుపోలేదు. ఆరూ పడ్డాయి, నాలుగు పోయాయి. సంత గొర్రెల్లో పది పడ్డాయి, ఐదు పోయాయి, నాలుగు చూడివాటిలో మూడు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. చనిపోయినవి మొత్తం 23.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 17 పిల్లల సంగతి. సూది పడింది, నేనే ఒక్కోదాన్ని పట్టుకున్నాను. తర్వాత డాక్టరు గారు విడమరిచి చెప్పారు. గొర్రె ఈనగానే పిల్ల తాగే ముర్రుపాలలో తల్లి తన ఒంట్లోని రక్షణను కూడా పోస్తుంది. టీకా పడిన తల్లి అయితే పారుడు రోగాన్ని గుర్తుపట్టే కావలి ఆ పిల్లకు దొరుకుతుంది. అది మూడు, నాలుగు నెలలు ఉండి కరిగిపోతుంది. పారుడు టీకాలో ఉండేది బలం తగ్గించిన బతికున్న వైరస్. అది ఒంట్లో కొంచెం పెరిగితేనే పిల్ల తన సొంత కావలిని తయారు చేసుకుంటుంది. తల్లి ఇచ్చిన కావలి ఇంకా గట్టిగా ఉన్నప్పుడు టీకా వేస్తే, ఆ టీకా వైరస్‌ను కూడా శత్రువే అనుకుని చంపేస్తుంది. పిల్ల నేర్చుకోవాల్సింది నేర్చుకోదు. రెండు నెలల తర్వాత తల్లి కావలి పోతుంది, సొంతది ఉండదు. మేమేమో టీకా పడిందని ధీమాగా ఉంటాం. పిల్లలకు నాలుగు నెలలు నిండాక వేయాలనేది అందుకేనని నాకు అప్పుడు తెలిసింది. ఫిబ్రవరి క్యాంపు నాడు "చిన్నపిల్లలను తీసుకురావద్దు" అని సిబ్బంది చెప్పారు కూడా. ఇంకో క్యాంపు ఎప్పుడు పెడతారో, మళ్లీ ఇంత దూరం ఎవరు తోలుకొస్తారని, వయసు ఎక్కువ చెప్పి వేయించింది మేమే.

ఇంకొకటి కూడా ఆ పుస్తకం చూశాకే అర్థమైంది. సగానికి పైగా జీవాలకు రక్షణ ఉన్నా రోగం ఎందుకు అంత వేగంగా పాకింది? నిప్పు ఎండుగడ్డి నుంచి ఎండుగడ్డికి పాకుతుంది, మధ్యలో పచ్చిది అడ్డం వస్తే ఆగుతుంది. మా మందలో పచ్చిది, ఎండుది కలిసి ఉండి ఉంటే కొంతైనా ఆగేది. కానీ చిన్నవన్నిటినీ రాత్రిపూట ఒకే దడిలో తోలుతాం. రక్షణ లేనివన్నీ ఒక్కచోట చేరాయి. దాని పక్కనే, కంప అవతల, సంత గొర్రెలు దగ్గుతూ పడుకున్నాయి. ఈ వైరస్ ఎక్కువగా పోయేది దగ్గు తుంపరల్లోనే. కన్నీళ్లలో, చీమిడిలో, పారే పేడలో కూడా ఉంటుంది. అయితే ఎండకు, బయటి గాలికి ఎక్కువసేపు తట్టుకోలేదు. ఒక జీవానికి ఇంకొక జీవం దగ్గరగా ఉండడమే దానికి దారి. ఆ దారి వేసింది మేము.

వైరస్‌ను చంపే మందు లేదు. పుండ్లు పట్టిన ఊపిరితిత్తులకు, పేగులకు వేరే క్రిములు చేరకుండా ఆక్సీటెట్రాసైక్లిన్ సూదులు, పారి పారి నీరు పోకుండా ఓఆర్ఎస్, అంతే వైద్యం. మిగిలింది చాకిరీ. మందను మూడు చోట్లకు విడగొట్టాం. జబ్బువి పాత కొట్టంలో, వాటితో కలిసి తిరిగినా ఇంకా బాగున్నవి దడిలో, టీకా పడిన పెద్దవి ఊరి అవతల చేలో. పని కూడా అదే వరుసలో పెట్టమన్నారు. ముందు బాగున్న వాటి దగ్గరికి, తర్వాత అనుమానం ఉన్నవాటి దగ్గరికి, చివరన జబ్బువాటి దగ్గరికి. తిరిగి మొదటిదానికి పోవాలంటే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. నాయిన రాత్రిళ్లు పెద్ద మంద దగ్గరే గొంగడి కప్పుకుని పడుకున్నాడు, పదిహేను రోజులు ఇంట్లో కాలు పెట్టలేదు. కొట్టం పని నాది, అమ్మది.

పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి, మెత్తటి గుడ్డతో ఒక్కోదాని నోరు కడిగేవాళ్లం. కళ్లు తుడిచి, ముక్కు రంధ్రాలు మూసేసిన పెచ్చులను గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి తీసేవాళ్లం. ముక్కు తెరుచుకోగానే కొన్ని ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చేవి. అది చూడగానే మాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది. నోట్లో పుండ్లతో మేయలేవు కాబట్టి అమ్మ రాగి జావ పలుచగా కాచి, సీసాతో కొంచెం కొంచెంగా తాగించేది. తల ఎక్కువ పైకెత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు గారు ముందే హెచ్చరించారు. జీవానికో సూది మార్చాం. "సూదుల ఖర్చు చూడకు, రోగం సూది మీద కూడా ఎక్కి పోతుంది" అన్నారాయన. మనుషులకు ఈ రోగం రాదని ఆయన రెండుసార్లు చెప్పినా, అమ్మ నన్ను మాత్రం చేతులు కడుక్కోనిదే అన్నం ముట్టనిచ్చేది కాదు. తన చేతులు చూసుకునే తీరిక తనకు లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, డాక్టరు గారు వచ్చిన నాలుగో రోజు రాత్రి జరిగింది ఒక ఎత్తు. ఎవరి ద్వారానో తెలిసి ఒక వ్యాపారి ఇంటికొచ్చాడు. ఇంకా నిలబడి ఉన్నవాటిని సగం ధరకు తీసుకుంటానని, తెల్లారేసరికి లారీ ఎక్కిస్తే ఎవరికీ తెలియదని అన్నాడు. చిన్నాయిన అతని పక్కనే ఉన్నాడు. "రేపు చచ్చేదాన్ని ఇయ్యాల అమ్ముకుంటే తప్పేంది బిడ్డా? నీకు అమ్మినోడు చెప్పి అమ్మిండా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. అప్పు తెచ్చిన 96 వేలు కళ్ల ముందు తిరిగాయి. లోపల అమ్మ మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్కడి నుంచే, "మనకొచ్చిన ఏడుపు ఇంకొక ఇంటికి పంపుతమా?" అంది. వ్యాపారి వెళ్లిపోయాడు. చిన్నాయిన నెల రోజులు మాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు అమ్మినవాడు కూడా ఇలాంటి రాత్రే గడిపి ఉంటాడు, అతనికి కూడా ఎవరో సగం ధర చెప్పి ఉంటారు. రోగం కాళ్లతో నడిచి రాదు. జబ్బు జీవాన్ని దాచి అమ్మే ప్రతి బేరం దానికి ఒక లారీ. 2019 పశుగణనలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో మనదే మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. 2017లో ప్రభుత్వ గొర్రెల పంపిణీ మొదలయ్యాక పక్క రాష్ట్రాల నుంచి కూడా లక్షల జీవాలు వచ్చాయి. ఇన్ని జీవాలు ఇంతగా చేతులు మారే చోట, కొన్నవాడు అడగకపోతే, అమ్మినవాడు చెప్పకపోతే, డాక్టర్లు మాత్రం ఎంతని ఆపగలరు?

తెల్లారగానే నేను ఊర్లో మందలున్న ఏడుగురి ఇళ్లకు పోయాను. మా మందలో పారుడు వచ్చింది, మీ జీవాలను మా కొట్టం వైపు తోలొద్దు, చెరువు దగ్గర మేము నీళ్లు తాగించే రేవుకు రావద్దు అని చెప్పాను. ఒకాయన ముఖం మీదే తిట్టాడు. ఇంకొకాయన మౌనంగా విని, సాయంత్రం రెండు మోపుల సుబాబుల్ కొమ్మలు మా గుమ్మం దగ్గర వేసి పోయాడు. రోగం ఉన్న సంగతి చెప్పుకోవడం మాలో చాలా మందికి నామోషీ. మంద మీద దిష్టి తగిలిందని ఎల్లమ్మకు మొక్కుకుంటాం కానీ పక్కింటివాడికి చెప్పం. మొక్కు తప్పని నేననను, మేమూ మొక్కుకున్నాం. కానీ ముందు పక్కింటికి చెప్పాలి.

శాంపిళ్లు తీసిన ఆరో రోజు రిజల్టు వచ్చింది, పీపీఆరే. మర్నాడే చుట్టుపక్కల మందలకు టీకా బండి వచ్చింది. మా మందకు మాత్రం వేయలేదు. రోగం అప్పటికే లోపలికి పోయిన జీవానికి టీకా అక్కరకు రాదని, రక్షణ పూర్తిగా తయారు కావడానికి రెండు మూడు వారాలు పడుతుందని చెప్పారు. ఆ రోజు నేను దూరం నుంచే ఆ పనంతా చూశాను. చిన్న సీసాలో ఎండిన మందు, దాన్ని చల్లటి సెలైన్‌లో కలిపి, కలిపిన సీసాను ఐసులోనే ఉంచి, ఒక్కోదానికి ఒక మిల్లీలీటరు చర్మం కిందికి. కలిపిన మందును రెండు గంటల్లోపు వాడేయాలట, ఎండ తగలకూడదట. కొన్నేళ్ల క్రితం వేరే ఊర్లో ఒక టీకా రోజు సీసాలు ట్రాక్టరు బానెట్ మీద ఎండలో పెట్టి ఉండడం చూశాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ మందు వేయించుకున్న గొర్రెల యజమాని కూడా మాలాగే ధీమాగా ఇంటికి పోయి ఉంటాడు.

ఏడు మందల్లో ఒక్కదానికి రోగం సోకింది. మేము చెప్పకముందే చెరువు దగ్గర కలిసిన మంద అది. వాళ్లకు నాలుగు జీవాలు పోయాయి. మిగిలిన ఆరు మందలకు ఏమీ కాలేదు. వాళ్ల ఇంటికి పోయి కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. "చెప్పినవు గదా, అదే చాలు" అన్నాడు ఆ పెద్దాయన.

చనిపోయినవాటిని పడేయకుండా, జేసీబీతో లోతుగా గుంత తీయించి, సున్నం చల్లి పూడ్చాం. కుక్కలు తవ్వకుండా పైన కంప కొట్టాం. గొర్రె చనిపోతే కోసుకునే అలవాటున్న ఊర్లో ఇది చూసి కొందరు నొచ్చుకున్నారు.

ఈ వైరస్ మనుషులకు తట్టు తెచ్చే వైరస్‌కు దగ్గరి చుట్టం. పశువులను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ కూడా అదే కుటుంబం. రిండర్‌పెస్ట్‌ను టీకాలతోనే తరిమేసి, 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మా తాత కాలంలో ఎద్దుల జతలకు జతలే పోయేవట. ఇప్పుడు నా ఈడు వాళ్లకు ఆ రోగం పేరే తెలియదు. పారుడును కూడా 2030 నాటికి అలాగే లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. అది జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒకసారి సరిగ్గా టీకా పడితే కనీసం మూడేళ్లు రక్షణ ఉంటుంది, కోలుకున్న జీవానికి జీవితాంతం మళ్లీ రాదు, కోలుకున్నాక రోగాన్ని ఒంట్లో దాచుకుని తిరగదు. ఇంత వీలు ఇచ్చే రోగాలు తక్కువ. మన వైపు నుంచి కావలసింది పిల్లల వయసు అబద్ధం చెప్పకపోవడం, మేకలను ఇంటి దగ్గర వదిలేయకపోవడం.

కోలుకున్న గొర్రెలు మరుసటి ఏడాది ఈనాయి. వాటి పిల్లలు ముర్రుపాలతో పాటు ఆ కావలినీ తాగాయి. పుట్టిన తేదీలు నోటు పుస్తకంలో రాసి, నాలుగు నెలలు దాటిన వాటిని విడిగా పట్టుకుపోయి, రెండు వారాల ముందే కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించి, టీకా వేయిస్తున్నాను. క్యాంపు కోసం ఎదురు చూడకుండా, ఊర్లో నాలుగు మందల పిల్లలను కలిపి ఒక రోజు చూసుకుని దవాఖానకు చెప్తున్నాం. ఒక సీసాలో వంద డోసులుంటాయి, పది పిల్లల కోసం దాన్ని తెరవలేరు కదా.

చెరువు కట్ట కింద చిన్నాయిన చేలో ఒక మూల అడిగి తీసుకుని, రేకులతో చిన్న కొట్టం వేశాను. దానికి వేరే నీళ్ల తొట్టి, వేరే బకెట్, వేరే తాడు. కొత్త జీవం ఏది కొన్నా అక్కడ 21 రోజులు. రోజూ పొద్దున జ్వరం చూసి రాయాలి. మొదట్లో నాయిన ఇదంతా అతి అనుకున్నాడు.

మొన్న రెండు పొట్టేళ్లను కొన్నాం. ఇవాళ వాటికి పదహారో రోజు. సాయంత్రం నాయిన పెద్ద మందకు నీళ్లు పెట్టి, పిల్లల దడి వేసి, అన్నీ అయ్యాక చివరన ఆ కొట్టం వైపు పోయాడు. వచ్చేటప్పుడు గట్టు దగ్గర ఆగి, చెప్పులు విప్పి, కాళ్లు మోకాళ్ల దాకా కడుక్కుంటుంటే చూశాను. "రెండూ మంచిగనే మేస్తున్నయి, జ్వరం 102 ఉంది, రాసుకో" అన్నాడు.